శని తులలోకి పోయేదాకా

కుందుర్పి
2-12-1980

ప్రియమైన సుబ్బూకు,

నేను క్షేమం. నువ్వూ పాపా క్షేమమని మామ కార్డు రాశాడు. కార్డులో రెండు పంక్తులు మీ క్షేమం, మిగతాదంతా శని. నాకు ఏలినాటి శని ఆఖరి భాగం నడుస్తోందట. శని కన్యారాశి దాటి తులలో అడుగు పెట్టేదాకా, అంటే ఎనభై రెండు అక్టోబరు దాకా, తండ్రి బిడ్డ ముఖం చూడకూడదని జోస్యుడు తేల్చాడట. చవితి పండగ వారంలో పుట్టిన పిల్లకు అప్పటికి రెండేళ్లు నిండుతాయి. తానే నడిచి వచ్చి ‘ఎవరు నువ్వు’ అని అడిగినా ఆశ్చర్యం లేదు.

మామను తప్పు పట్టను. మన మొదటి బిడ్డను, పెద్దవాణ్ణి, పురిట్లో మీ ఇంట్లో నేను చూసి వచ్చిన మూడో రోజే వాడు పోయాడు. ఒకసారి అలా జరిగిన ఇంట్లో భయం ఉంటుంది. అయితే భయం ఉన్నంత మాత్రాన దానికి కారణం ఆకాశంలో ఉండాలని లేదు. నేను బడిలో చెప్పేది అదే, మామకూ మర్యాదగా అదే చెప్పదలచుకున్నాను.

పోయిన నెలలో అమెరికా వాళ్ల వాయేజర్ అనే నౌక శనిగ్రహం పక్కనుంచి సాగిపోయింది. ఇక్కడికి పేపరు కళ్యాణదుర్గం బస్సులో మరునాడు సాయంత్రానికి వస్తుంది, అదీ డ్రైవరు చదివి మడిచి పెట్టాక. శని చుట్టూ వలయాలు ఉన్నాయని నీకు టెన్తులో చదివిన గుర్తు ఉండే ఉంటుంది. భూమి మీదనుంచి దుర్భిణీలో చూస్తే అవి మూడో నాలుగో. నౌక దగ్గరికి పోయి ఫోటోలు తీస్తే ఒకదాని లోపల ఒకటి వందల కొద్దీ వలయాలు కనపడ్డాయి. అవి చక్రాల మాదిరి గట్టి వస్తువులు కావు. విడివిడి మంచుగడ్డలు. దేని దారిన అది శని చుట్టూ తిరుగుతూ ఉంటుంది. కుందుర్పిలో ఒక బడిపంతులు ఉన్నాడనీ, వాడికి ధర్మవరంలో కూతురు పుట్టిందనీ వాటికి తెలిసే మార్గం లేదు.

ఈ ఉత్తరం మామకు చదివి వినిపించు. అవ్వకు కూడా. పాప పేరేం పెట్టారో రాయి.

ఇట్లు,
నీ బావ
గంగాధరప్ప


ధర్మవరం
11-1-1981

ప్రియమైన బావకు సుబ్బలక్ష్మమ్మ రాసేది.

నేను చదివి వినిపించే పని పడలేదు. నీ ఉత్తరం నాయనే విప్పినాడు, నాయనే చదివినాడు, అదీ మగ్గాల దగ్గర నిలబడి. నేసేవాళ్లంతా చేతులాపి విన్నారు. మంచుగడ్డలు అన్న చోట నాయన ఆగి రెండోసారి చదివినాడు. తిప్పమ్మ అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. “మంచుగడ్డలైతే ఏమప్పా? వడగండ్లు మాత్రం ఏంటివి? మంచుగడ్డలే గదా? ఆ ఏడు బుడ్డల చేనంతా పాయె, ఒక్క శనక్కాయ దక్కలే” అనింది. దీనికి నువ్వేం జవాబు చెబుతావో నాకు తెలియదు.

మూడో మగ్గం జయరాముడు ఒక సంగతి అడగమన్నాడు. “అన్ని గడ్డలు తిరుగుతాండాయంటివే, ఒకదాన్నొకటి గుద్దుకోవా? సారునడిగి రాయమ్మా” అన్నాడు. జవాబు తొందరగా రాయి. పొద్దున పట్టుపోగు కండెలకు చుట్టేటప్పుడు రోజూ నన్నే అడుగుతున్నాడు, నేనేదో ఆడికి పోయి వచ్చినట్లు.

పాపది అనూరాధ నక్షత్రం. న అక్షరం రావాలని నాగవేణి అని పెట్టినారు. జుట్టు చూస్తే ఆ పేరు ఇప్పట్లో సార్థకమయ్యేలా లేదు. నెత్తిన నాలుగు పోగులే ఉన్నాయి. గొంతు మాత్రం నీదే. క్లాసులో పిల్లల్ని అదిలించినట్లు అదిలిస్తుంది.

బావా, బజారులో ఫోటో స్టూడియో పెట్టినారు. పాపకు ఒక ఫోటో తీయించి పంపనా? జోస్యుడు ముఖం చూడొద్దన్నాడు గానీ ఫోటో చూడొద్దనలేదు. ముందు నీకు చెప్పి తీయిస్తే బాగుంటుందని అడుగుతున్నాను. నువ్వు ఆ శనినైనా ఫోటోలోనే కదా చూసింది.

నీ ఆరోగ్యం జాగ్రత్త. హోటల్లో కారం తగ్గించి తిను.

నీ
సుబ్బు


కుందుర్పి
8-3-1981

ప్రియమైన సుబ్బూకు,

జయరాముడి ప్రశ్న మంచిది. గుద్దుకుంటాయి. కానీ అన్నీ ఒకే వైపు ఇంచుమించు ఒకే వేగంతో పోతాయి కాబట్టి మెల్లగా తగులుతాయి. తిరునాళ్లలో రథం వెనక నడిచే జనం భుజాలు తగిలినట్లు. పైకి పోయేది, కిందికి దిగేది తగిలి తగిలి ఆ ఎగుడుదిగుళ్లు పోయి, అన్నీ ఒకే మట్టానికి వస్తాయి. అందుకే వలయాలు అంత వెడల్పున్నా మందం లేదు. చీరంత పొడవుకు కుదించి చూస్తే, మందం మీ పట్టుపోగు కంటే చాలా తక్కువ.

అవ్వకు చెప్పు: వడగండ్లు మన నెత్తిన ఉన్న మబ్బులోంచి పడతాయి. అవి ఇక్కడివి. శని వలయంలోంచి ఒక్క గడ్డ కూడా అనంతపురం జిల్లాలో పడలేదు. పడితే బాగుండేది, కరిగి కుంటలన్నా నిండేవి. ఈసారి ఇక్కడ తాగేనీళ్లకే కష్టంగా ఉంది. ఎండాకాలం రాకముందే బడి బావిలో బొక్కెన అడుగు తగులుతోంది.

వలయాల మధ్య ఒక పెద్ద సందు ఉంది. మూడు వందల ఏళ్లుగా అది ఖాళీ అనే అందరూ అనుకున్నారు. నౌక పోయి చూస్తే ఖాళీ కాదు, అందులోనూ పలుచగా గడ్డలున్నాయి. ఇంకొక సంగతి. నౌక శని చాటుకు పోతూ వలయాల గుండా రేడియో అలలను భూమికి పంపింది. అవి దారిలో ఎంత చెదిరాయో కొలిచి, గడ్డలు ఎంతెంత ఉంటాయో లెక్క కట్టారు. గోలీకాయంత మొదలు ఇల్లంత దాకా ఉన్నాయట. తాకకుండానే తెలుసుకున్నారు.

ఫోటో వద్దు. మామ మాటకు చుట్టుదారి వెతికినట్లు ఉంటుంది. పెద్దవాళ్ల మనసు కష్టపెట్టి మనం బావుకునేదేమీ లేదు. దానికి బదులు నాకు ఈ వివరాలు రాయి: పాప బరువు, పొడుగు, పళ్లు వచ్చాయా, చప్పుడైతే తల ఏ వైపు తిప్పుతుంది, ఏ చేత్తో వస్తువు పట్టుకుంటుంది. పాలు బాగా తాగుతోందా? ఇది తప్పకుండా రాయి.

ఇట్లు,
నీ బావ
గంగాధరప్ప


ధర్మవరం
14-6-1981

ప్రియమైన బావకు,

నువ్వడిగిన వివరాలు. బరువు: పట్టు తూచే త్రాసులో పట్టలేదు, శెట్టి అంగట్లో బెల్లం తూచే కాటా మీద కూర్చోబెట్టినాము. ఏడు కిలోల చిల్లర. చిల్లర ఎంతో శెట్టి చెప్పేలోపల కాటా తడిపేసింది. పొడుగు: అవ్వ కొలవనివ్వదు, పిల్లల్ని కొలిస్తే పెరగరంట. పళ్లు: కింద రెండు. చప్పుడైతే మగ్గం వైపు తిప్పుతుంది, మగ్గం ఆగితే ఏడుస్తుంది. ఏ చెయ్యి అంటే, రెండు చేతులు. చేతికి అందింది ఏదైనా ముందు నోట్లోకే. పాలు బాగా తాగుతుంది. బాగా అంటే బాగా. ఈ ప్రశ్న నువ్వు ఎందుకు అడిగినావో నాకు తెలుసు.

నాయన ఇప్పుడు శని విషయంలో మునుపటంత గట్టిగా లేడు. నీ ఉత్తరం రాకపోతే పోస్టుమాన్ హనుమంతరాయుణ్ణి వీధిలో నిలబెట్టి అడుగుతున్నాడు, “ఏమప్పా, కుందుర్పి నుంచి శని రాలేదా?” అని. వినేవాళ్లు ఏమనుకుంటారో ఆయనకు పట్టదు. జయరాముడు వలయాలు బార్డరుగా పెట్టి ఒక చీర నేస్తానంటే, శని చీర ఎవరు కొంటారని నాయన వద్దన్నాడు. అంతవరకు వ్యాపారం మరిచిపోలేదు.

వద్దంటివి గానీ ఫోటో తీయించినాను. ఫోటో విషయం జోస్యుణ్ణి నాయనే అడిగి వచ్చినాడు. దోషం లేదన్నాడు. కాబట్టి మామ మాట అనే అడ్డం కూడా లేదు. దీంతోపాటు వేరే కవరులో అంటించి పెట్టినాను. చూసి ఎవరి పోలికో రాయి. అందరూ ఒకటొకటి చెబుతున్నారు. నాకు మాత్రం కచ్చితంగా ఒక పోలిక తెలుస్తుంది, అది నీ నోటి నుంచి వినాలని ఉంది.

నీ
సుబ్బు


కుందుర్పి
4-10-1981

ప్రియమైన సుబ్బూకు,

జవాబు ఆలస్యమైంది. రెండో వాయేజర్ ఆగస్టు చివర శని దగ్గరికి చేరింది. పూర్తి వివరాల కోసం మదరాసులోని అమెరికా గ్రంథాలయానికి రాసి పత్రిక తెప్పించుకునేసరికి ఇన్నాళ్లు పట్టింది.

ఈసారి వాళ్లు చేసిన పని వింటే నీకు నచ్చుతుంది. ఒక చుక్కను ఎంచుకున్నారు. నౌకనుంచి చూస్తే ఆ చుక్క శని వలయాల వెనక ఉంది. నౌక సాగుతూ ఉంటే, చుక్క వెలుగు ఒక్కొక్క వలయం వెనక్కి పోయి మసకబారుతుంది, సందు వచ్చినప్పుడు మళ్లీ మెరుస్తుంది. ఆ మినుకులన్నీ కొలిస్తే వలయాలు వందలు కాదు, వేలు. ఫోటోలో కూడా పట్టుబడనంత సన్నటివి బయటపడ్డాయి. ఆ చుక్క ఏదో తెలుసా? వృశ్చికంలో మనవాళ్లు అనూరాధ అనే చుక్కల్లో ఒకటి. పాప నక్షత్రం. క్లాసులో చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు.

శనిని దాటగానే నౌక మీద కెమెరా తిప్పే మెడ పట్టేసింది. మూడు నాలుగు రోజులు కిందనుంచి ఆజ్ఞలు పంపి పంపి కదిలించారు. తీసిన ఫోటోలు మాత్రం అద్భుతం. ఒకటి క్లాసు గోడకు అంటించాను.

నువ్వు పంపిన కవరు విప్పలేదు. అలాగే దీంతో తిరిగి పంపుతున్నాను. కోపం తెచ్చుకోవద్దు. ఇంకొక ఏడాది. ఇన్నాళ్లు ఆగినవాళ్లం, పెద్దల తృప్తి కోసం ఇంకొంచెం ఆగితే పోయేదేమీ లేదు. మామ పైకి ఏమన్నా లోపల బాధపడతాడు.

ఇట్లు,
నీ బావ
గంగాధరప్ప


కుందుర్పి
20-1-1982

ప్రియమైన సుబ్బూకు,

నీ నుంచి ఉత్తరం లేదు. దీపావళి పోయింది, సంక్రాంతీ పోయింది. మామ కూడా రాయలేదు. మధ్యలో నేను రాసిన రెండు కార్డులు అందే ఉంటాయి.

ఇక్కడ విశేషాలు లేవు. శనక్కాయ సగం ఊడలు దిగకుండానే ఎండింది. బడికి పిల్లలు తగ్గారు, పెద్దవాళ్లతో కలిసి బళ్లారి వైపు కూలికి పోతున్నారు. వాయేజర్ ఇప్పుడు యురేనస్ దారిలో ఉంది. దానికీ వలయాలున్నాయని నాలుగైదేళ్ల కిందట భూమి మీదనుంచే కనిపెట్టారు, ఒక చుక్క దాని వెనక్కి పోతూ మినుకుమంటే. నౌక అక్కడికి చేరేది ఎనభై ఆరులో.

అదంతా ఉండనీ. పాప ఆరోగ్యంగా ఉందా? ఒక్క ముక్క రాయి. కోపముంటే నన్ను తిట్టి అయినా రాయి. పాలు తాగుతోందా, నడుస్తోందా, అది రాస్తే చాలు. రోజూ సాయంత్రం బస్సు దగ్గరికి పోయి టపా సంచి దించేదాకా నిలబడుతున్నాను.

నీ బావ
గంగాధరప్ప


ధర్మవరం
8-3-1982

బావకు,

పాప ఆరోగ్యంగా ఉంది. నడవడం కాదు, పరుగెత్తుతుంది. అది ముందు రాస్తున్నాను, నువ్వు ఊపిరి పీల్చుకుని మిగతాది చదువు. ఈ ఉత్తరం నేనే రాసి, నేనే అంటించి, నేనే పోస్టులో వేస్తున్నాను. మగ్గాల దగ్గర ఎవరూ చదవరు.

పోయిన ఉగాదికి నాయన నిన్ను రమ్మని రాసినాడంట. “శని లేదు గిని లేదు, వచ్చి నీ బిడ్డను ఎత్తుకో” అని. నువ్వు ఏం జవాబు రాసినావు? పెద్దల మాట, గడువు పూర్తి కానివ్వండి అని. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఫోటో కవరు తిరిగి వచ్చినప్పుడు నేను ఏడుస్తుంటే అవ్వ చెప్పింది. “మీ నాయనను అనొద్దమ్మీ, పిలిచినాడు. వాడే రాకపాయె. మేమంతా వాని కాగితాలు విని విని శనిని ఎప్పుడో ఇడిసిపెట్టినాం. వాడే ఇంకా పట్టుకోనుండాడు” అనింది.

అవ్వ చెప్పినాక నీ ఉత్తరాలన్నీ ముందర వేసుకుని మళ్లీ చదివినాను. అన్నిట్లోనూ మామ భయం, మామ మనసు, మామ బాధ. భయం నీది బావా. శనికి ఈ ఇంట్లో భయపడేది నువ్వొక్కడివే. పిల్లలకు చెబుతావు, జయరాముడికి చెబుతావు, నీకు నువ్వు చెప్పుకోలేకపోయినావు. మొదట్లో చాలా కోపం వచ్చింది. అందుకే ఇన్నాళ్లు రాయలేదు. నీకు భయం వేయనీ, టపా సంచి దగ్గర నిలబడనీ అనుకున్నాను. ఇప్పుడు కోపం లేదు.

పెద్దోడి సంగతి ఈరోజు రాస్తాను. మనమిద్దరం ఒక్కనాడు కూడా దాని గురించి మాట్లాడుకోలేదు. నువ్వు చూసి పోయినాక వాడికి జబ్బు చేసిందని నువ్వు అనుకుంటున్నావు. కాదు. నువ్వు వచ్చే ముందురోజే వాడు పాలు తాగడం మానేసినాడు. దవడ బిగిసింది. నువ్వు ఎండలో పడి రెండు బస్సులెక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, నవ్వుకుంటా లోపలికి వస్తే ఎవరికీ చెప్పడానికి నోరు రాలేదు. నిద్రపోతున్నాడు అన్నాము. బొడ్డు కోసిన కొడవలి వల్ల వచ్చే జబ్బు అదని ఈసారి లేడీ డాక్టరు చెప్పింది. అందుకే కడుపుతో ఉండగానే నాకు సూదులు వేసింది. నాగవేణికి ఏమీ కాలేదు. నీ చూపు వల్ల పోలేదు బావా వాడు. నీ చూపులో విషం లేదు. వాడిని చూసి నువ్వు ఎంత మురిసిపోయినావో నేను మంచంమీద నుంచి చూసినాను.

నాలుగేండ్లు ప్రయాణం చేసి ఒక నౌక శనిని దగ్గర నుంచి చూసొచ్చిందని రాస్తివి. దూరాన్నుంచి మూడు కనపడినవి దగ్గరికి పోతే వేలు అయినాయని రాస్తివి. కుందుర్పికీ ధర్మవరానికీ మధ్య కళ్యాణదుర్గంలో ఒకసారి బస్సు మారాలి, అంతే. దాని బరువెంత, పళ్లెన్ని అని కాగితం మీద అడిగితివి. నేను అన్నీ రాసి పంపితిని. నాగవేణి ఎట్లుంటుందో నీకు ఏం తెలిసింది?

ఈ నెల ఇరవయ్యో తేదీ శనివారం. శనివారం ప్రయాణం కూడదంటారు, అందుకే ఆ దినమే పెట్టుకున్నాను. పొద్దున బస్సుకు నేనూ పాపా వస్తాము. బస్టాండులో నువ్వు ఉండాలి, ముఖం ఇటు పెట్టి ఉండాలి. లేకపోతే అదే బస్సులో వెనక్కి తిరుగుతాము. అక్టోబరులో శని తులలోకి పోయినా, ఇంకెక్కడికి పోయినా మళ్లీ రాము. ఇది బెదిరింపు కాదు. బిడ్డకు చెప్పాల్సి వస్తుంది కదా, నాయన యాడ అని అడిగితే. ఏదో ఒకటి తెలియాలి నాకు.

సుబ్బలక్ష్మమ్మ


కుందుర్పి
12-8-1982

ప్రియమైన సుబ్బూకు,

మామ కంటి ఆపరేషను బాగా జరిగిందని కార్డు అందింది. పట్టీ విప్పేదాకా ఆయన్ను చదవనివ్వకు. ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు, చివరి పేరా తప్ప.

పాపను నా దగ్గర వదిలి నువ్వు ధర్మవరం పోయిన రెండో రోజు దానికి జ్వరం వచ్చింది. కంగారు పడొద్దు, నిన్న పొద్దుటికి తగ్గింది. ఆస్పత్రి నుంచి మందు తెచ్చి వేశాను, తడిగుడ్డ వేశాను, బడికి సెలవు పెట్టాను. పక్కింటి తిమ్మక్క గడపలో నిలబడి, “శని ఇంకా కన్య దాటలేదు గదా సారూ, బిడ్డను కొన్నాళ్లు ధర్మవరం పంపరాదా” అంది. నా మనసులో ఏముందో ఆమెకు ఎలా తెలిసిందో గానీ, ఆ మాట నేనూ అప్పటికి రెండుసార్లు అనుకుని ఉన్నాను. “దాటలేదక్కా. దాటేదాకా నేనే ఎత్తుకొనుంటా” అన్నాను. అని ఎత్తుకునే ఉన్నాను. ఆమె మజ్జిగ తెచ్చి ఇచ్చి పోయింది.

నాకు భయం పోయిందని రాయలేను. పిల్ల ఒళ్లు వెచ్చబడితే రాత్రంతా గంటకోసారి నుదురు తాకి చూశాను. కానీ ఇదివరకు భయం వేస్తే దూరంగా ఉండాలనిపించేది. ఇప్పుడు ఇంకా దగ్గరగా ఉండాలనిపిస్తోంది. ఈ తేడా ఎలా వచ్చిందో సైన్సు టీచరుగా నేను చెప్పలేను. పెద్దవాడి గురించి నువ్వు రాసింది చదివిన రోజు నేను బడి వెనక కూర్చుని ఏడ్చాను. ఇది నీకు చెప్పలేదు.

బస్టాండులో ఆ శనివారం నేను ముఖం తిప్పుకున్నానని నువ్వు ఇప్పటికీ అంటున్నావు. తిప్పుకోలేదు. చంకలోకి రాగానే అది నా కళ్లద్దాలు లాక్కుంది. అద్దాలు లేకపోతే నాకు జానెడు దూరంలో మనిషి కూడా మసకే. కాబట్టి మొదటిసారి నేను దాని ముఖం చూశానని ఏ జోస్యుడూ రుజువు చేయలేడు. మామకు ఇది చెప్పు, నవ్వుతాడు. పట్టీ కదలకుండా నవ్వమను.

ఇది నీకొక్కదానికే. మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. చాపమీద నా పక్కనే ఉంది. పోలిక ఎవరిదని ఆనాడు అడిగావు, నేను జవాబు ఇవ్వలేదు. పైపెదవి పెద్దవాడిదే. నీకు తెలుసని నాకూ తెలుసు. ఇంకా రాయాల్సినవి ఉన్నాయి గానీ, ఉత్తరం రాయాలంటే దాని ముఖం మీదనుంచి చూపు తిప్పి తల దించాల్సి వస్తోంది. అందుకని ఇక్కడితో ఆపుతున్నాను.

నీ బావ